పిల్లికి అటాచ్డ్ బాత్రూం

తిరుపతిలో నేనొక లాడ్జికి మేనేజరుని. కొండకు పోయేవాళ్లూ కొండ దిగి వచ్చేవాళ్లూ నా కౌంటరు ముందు నిలబడి మొట్టమొదట అడిగేది బాత్రూం గదిలోపలే ఉందా అని. ఉందని చెప్పి తాళంచెవి చేతిలో పెట్టడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ని మా ఇంట్లో ఒక పిల్లికి ఆ వసతి చూపించలేక పోయిన ఏడాది నానా తిప్పలూ పడ్డాను.

పిల్లిని తెచ్చింది నా భార్య. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వస్తుంటే స్కూటర్లు నిలిపే చోట ముందుకాలు విరిగి పడివున్న బూడిదరంగు పిల్లి కనిపించిందట. తువ్వాలులో చుట్టి నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కట్టు కట్టి, ఎముక అతుక్కునేదాకా గడప దాటనివ్వొద్దన్నాడు. ఆమె ఇంటికి వచ్చేసరికి ఒక చేతిలో పిల్లి, ఇంకో చేతిలో నీలం ప్లాస్టిక్ టబ్బు, అందులో ఒక ఇసుక సంచి ఉన్నాయి. అది మామూలు ఇసుక కాదు. పిల్లుల కోసమే షాపులో అమ్ముతారు, తడి తగిలితే ఉండకడుతుంది.

మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు. హాలు, రెండు చిన్న గదులు, వంటిల్లు, అందరికీ కలిపి ఒకటే బాత్రూం, కొండవైపు చిన్న బాల్కనీ. ఒక గది మాది, ఇంకోటి మా అమ్మది. నాయన పోయాక ఆమె ఐరాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చి మాతోనే ఉంటోంది.

అమ్మకు పిల్లి మీద కోపం లేదు. ఊళ్లో మా ఇంట్లో ఎప్పుడూ ఒకటో రెండో పిల్లులు తిరిగేవి, వాటికి మజ్జిగన్నం కలిపి పెట్టేది ఆమే. ఆమెకు మింగుడుపడనిది ఆ టబ్బు. ఊళ్లో పిల్లులు ఆ పనికి ఎక్కడికి పోయేవో చూసినవాళ్లు లేరు. చెరకు తోటలోకో పేడదిబ్బ వెనక్కో పోయి, గుట్టుగా పని ముగించుకుని, మట్టి కప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చి పొయ్యి పక్కన కూర్చునేవి.

“ఇంట్లోనే దానికి తావు సూపించేదేందిరా? దేవుడి పటాలు ఉండే ఇల్లు ఇది” అంది అమ్మ.

సరే, ఇంట్లో వద్దని టబ్బును బాల్కనీలో పెట్టాను. కొండకు దగ్గరగా ఉండే వీధుల్లో కోతులు ఎక్కువ. వాటి కంటికి ప్లాస్టిక్ వస్తువు ఏది కనిపించినా అందులో తిండి ఉన్నట్టే లెక్క. మరుసటి పొద్దున ఒక గండుకోతి వచ్చి టబ్బును గోడ మీదికి ఎత్తింది, ఇసుకలో చేయిపెట్టి వెతికింది, ఏమీ దొరక్కపోయేసరికి బోర్లించి వెళ్లిపోయింది. కింద ఓనరమ్మ బూడిదగుమ్మడి వడియాలు ఎండబెట్టుకుని ఉంది. ఆ ఇసుక అప్పటికి పిల్లి వాడనిది కావడం ఒక్కటే మా అదృష్టం. ఆమె పైకి వచ్చి, కోతి పోసిందో పిల్లి పోసిందో తనకు అనవసరమనీ, వడియాల సంగతి తేల్చమనీ నిలబడింది. ఆ ఆదివారం మా అమ్మా నా భార్యా కూర్చుని ఆమెకు కొత్త వడియాలు పెట్టిచ్చారు. గుమ్మడికాయ తరిగింది నేను.

తర్వాత బాత్రూంలో పెట్టాం. మనుషులు వెళ్లేదీ అక్కడికే కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాను. అభ్యంతరం పిల్లికి వచ్చింది. మేం ఒకరి తర్వాత ఒకరం స్నానాలు చేసేసరికి నేలంతా తడి, టబ్బులో ఇసుక ఇడ్లీ పిండిలా తయారైంది. పిల్లి గడప దగ్గర నిలబడి మంచి కాలును ఒకసారి తడిలో పెట్టి, వెంటనే తీసి విదిలించి, మా వైపు చూసింది. అక్కడి నుంచి కుంటుకుంటూ మా గదిలోకి పోయి, లాడ్జికి వేసుకుపోదామని ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టుకున్న నా ప్యాంటు మీద పని కానిచ్చింది.

మా గదిలో టబ్బుకు చోటు లేదు, ప్యాంటు గతి చూశాక అమ్మ కూడా ఇంట్లో వద్దనడం మానేసింది. ఇక మిగిలింది హాలే. సోఫాకు ఎదురుగా మూలలో టబ్బు పెట్టి కొత్త ఇసుక పోశాం. పిల్లి అందులోకి దిగి, ఒక చుట్టు తిరిగి, తవ్వబోయి ఆగింది. మేం ముగ్గురం కాఫీ గ్లాసులు పట్టుకుని సోఫా మీద వరసగా కూర్చున్నాం. పో తల్లీ, పో బంగారూ అని నా భార్య ప్రోత్సహించింది. నేను కూడా ఏదో అన్నాను. అది మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, టబ్బులోంచి దిగి, సోఫా కిందికి పోయి పడుకుంది. సాయంత్రం అదే తంతు. మరుసటి పొద్దునకూ ఏమీ కాలేదు. నా భార్యకు భయం పట్టుకుంది. డాక్టరుకు ఫోన్ చేస్తే, మనుషులు తిరగని చోట పెట్టమన్నాడు. మా ఇంట్లో అలాంటి చోటు గోడ గడియారం వెనక తప్ప ఇంకెక్కడా లేదు.

మేం ఇలా తలపట్టుకుని ఉండగా అమ్మ అంది:

“మనం ముగ్గురం కూర్చోని దాని మొగంలోకే సూస్తా ఉంటే అదెట్ల పోతాదిరా? ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో నేనే పోలేకపోయినా.”

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మా బాత్రూం తలుపు సరిగ్గా హాల్లోకి తెరుచుకుంటుంది, సోఫా దాని పక్కనే. ఊళ్లో అయితే మరుగుదొడ్డి పెరడు దాటి అవతలెక్కడో ఉండేది. ఇక్కడ లోపల చెంబు కదిలినా బయట కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. అందుకని మేమిద్దరం పనులకు పోయేదాకా ఆమె బిగబట్టుకుని కూర్చునేదట. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేదట.

“అప్పుడే సెప్పుంటే పోయేది కదత్తా” అంది నా భార్య.

“ఏమని సెప్పేది? మీరిద్దురూ లేసి బయటికి పోండి, నేను లోపలికి పోవాలనా?”

అప్పట్లో అమ్మకు మలబద్ధకమని డాక్టరుకు చూపించాం. ఆయన రాసిన పొడి నీళ్లలో కలిపి నా భార్య తాగించేది, నేను బొప్పాయిపండ్లు తెచ్చి కోసి దగ్గరుండి తినిపించేవాణ్ని. అమ్మ అన్నీ మాట్లాడకుండా తిన్నది. ఇంతా చేస్తే ఆమెకు వచ్చిన జబ్బు మేమే. నా భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది, అమ్మా నవ్వింది. నేను వాళ్లతో కలిసి నవ్వబోయాను గానీ ఆ బొప్పాయిలు గుర్తొచ్చి సరిగ్గా రాలేదు.

అమ్మ లేచి తన గదిలోకి పోయింది. స్టీలు బీరువాకూ గోడకూ మధ్య సందులో ఉన్న పెట్టెను బయటికి లాగి, టబ్బును అక్కడ పెట్టమంది. దేవుడి పటాలు ఉన్నది ఆ గదిలోనే కదా అన్నాను.

“దేవుడు ఈ గోడకుండాడు, అది ఆ గోడకు. నడమ కోక కడితే సాలు” అంది.

పాత నూలు చీరను రెండుగా మడిచి తనే తాడు కట్టి వేలాడదీసింది. శుభ్రం చేసే పనిని మాత్రం ముందే నాకు అప్పగించేసింది. ఆ సాయంత్రం పిల్లి ఆ గదివైపు నడవడం చూసి, మమ్మల్ని ఇద్దర్నీ చేత్తో సైగ చేసి వంటింట్లోకి తోలింది. టీవీ సౌండు పెంచమంది. టీవీలో ఎవరో కుక్కర్లు అమ్ముతున్నారు. ముగ్గురం స్టవ్ దగ్గర ఇరుక్కుని నిలబడ్డాం. కాసేపటికి టీవీ మోతలోనే ఇసుక గీకే చప్పుడు సన్నగా వినిపించింది. నా భార్య నా చేయి గట్టిగా పట్టుకుంది. పిల్లి చీర పక్కకు తోసుకుని, తోక నిలబెట్టి, నింపాదిగా బయటికి వచ్చింది.

ఆ వచ్చిన సెలవు రోజు సోఫానూ టీవీనీ హాలుకు అవతలి కొసకు జరిపాను. ఓనరమ్మను ఒప్పించి బాత్రూంలో గాలి బయటికి లాగే ఫ్యాన్ పెట్టించాను. దానికి ఎంత మోతంటే లోపల ఏం జరిగినా బయటివాళ్లకు తెలియదు. ఇంట్లో బియ్యం మిల్లు పెట్టినావు అని అమ్మ విసుక్కుంది. కానీ లోపలికి పోయేముందు ఆ స్విచ్ వేయడం ఒక్కరోజూ మరవలేదు.

పిల్లి కాలు అతుక్కుంది. కొంచెం కుంటుతుందంతే. ఇప్పుడు పగలంతా కిందనే తిరిగి ఓనరమ్మ స్కూటరు సీటు మీద నిద్రపోతుంది. చుట్టూ ఇంత మట్టి ఉన్నా, ఆ పని పడినప్పుడు మాత్రం రెండు అంతస్తుల మెట్లెక్కి ఇంటికే వస్తుంది. అమ్మ మధ్యాహ్నం కునుకు తీసే సమయానికే తరచుగా వస్తుంది. అది గదిలోకి అడుగుపెట్టగానే అమ్మ గొణుక్కుంటూ లేచి, దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. అది బయటికి వచ్చేదాకా లోపలికి పోదు, మమ్మల్నీ పోనివ్వదు.