ఖజానా మిద్దె, ఆరు మగ్గాల గుంటలు

మా అనంతపురం వైపు ఏడాదిని అంకెతో కంటే వానతో గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇది మూడేళ్ళ కిందట, పన్నెండు రోజులు వరుసగా ముసురు పట్టిన ఏడాది మాట. అప్పుడు నేను ధర్మవరం దగ్గర ఒక చిన్న పట్నంలో మున్సిపల్ ఇంజనీరును.

ఊరి నడుమ ఖజానా మిద్దె ఉంది. పాలెగాళ్ళు ధాన్యం దాచుకోవడానికి కట్టించుకున్నారు. తెల్లదొరలు అందులో ఖజానా పెట్టారు. కరువు రోజుల్లో అక్కడే గంజి కాచి పోశారు. ఖజానా పోయింది, పేరు మిగిలింది. మూడు తరాలుగా లోపల ఆరు పట్టు మగ్గాలు ఆడుతున్నాయి.

ఆ ముసురుకు పడమటి గోడ నిలువునా చీలింది. మగ్గాల కోసం తవ్విన గుంటల వల్ల పునాది దెబ్బతిందనీ, ఖాళీ చేయించి కూల్చేయాలనీ ఆఫీసులో నోట్ తయారైంది. నా సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే ఆరు కుటుంబాలు రోడ్డున పడతాయి.

నాకూ ఆ నోట్ సబబుగానే తోచింది. గుంట మగ్గమంటే నేసేవాడు కాళ్ళు కిందికి దించి కూర్చోవాలి. గోడ వారనే ఆరు గుంటలు తవ్వితే ఏ గోడ నిలుస్తుంది? ఆ మాటే ఆదెప్పతో అన్నాను. ఆయన అరవై దాటిన నేతగాడు, మాటలో బెల్లం కలిపే రకం కాదు.

"గుంటలు మేము తవ్వలేదమ్మా, పూడ్చినాం. మా జేజినాయన వచ్చేతలికి ఈడ మనిషిలోతు ధాన్యం పాతర్లు ఉండినాయి. కాళ్ళు ఆడేంత ఇడిసిపెట్టి కిందంతా మన్ను పోసినాడు."

"చూసినవాళ్ళు ఎవరున్నారన్నా?"

"చూసేదానికి నువ్వుండావు కదా. నా మగ్గం తీస్తా, తవ్వుకో."

సగం నేసిన పెళ్ళిచీరను చుట్టి పక్కన పెట్టేశాడు. నేతగాడు అంత పని చేశాడంటే తన మాట మీద ఎంత నమ్మకమో చూడండి.

ట్రయల్ పిట్ తీయించాను, అంటే పునాది చూడటానికి తవ్వే పరీక్ష గుంట. వదులు మన్ను తీసేకొద్దీ సున్నంతో కట్టిన రాతి వరుసలు కిందికి దిగుతూనే ఉన్నాయి. దిగి నిలబడితే నా తల కూడా మునిగింది. పాతర, గోడ ఒకే రోజుల్లో, ఒకే కట్టుగా లేచినవి. అక్కడ చిన్న పగులు కూడా లేదు.

మరి గోడ ఎందుకు చీలినట్టు? మిద్దె ఎక్కాను. వాన వెలిసి రెండు రోజులైనా పైన చీలమండ లోతు నీళ్ళు. నీళ్ళు బయటికి దూకే తూములన్నీ సిమెంటుతో మూసి ఉన్నాయి. ఆ నీళ్ళే గోడలోకి దిగాయి.

ఆ సిమెంటును గుర్తుపట్టాను. అది నా పనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మిద్దె మరమ్మతు నేనే చేయించాను. "తూముల్లో పావురాలు గూళ్ళు పెడతాండాయి మేడం. ఈడ వాన యాడ పడతాది? మూసేద్దాం" అన్నాడు మేస్త్రీ. కరువులో పుట్టి పెరిగినదాన్ని, సరేనన్నాను.

కిందికి వచ్చి చెప్పాను. "గోడ చీల్చింది నేనే అన్నా."

ఆదెప్ప గోడ చీలిక వైపు చెయ్యి చూపించాడు. "చెప్పినావు కదమ్మా. ఇంక అతికించు."

కొత్త రిపోర్టు రాశాను, తూములు మూయించింది ఎవరో నా పేరుతో సహా. "మీ పేరు మీరే రాసుకోవాలా?" అని పైఅధికారి విసుక్కున్నారు. "మరి ఆ నేతగాళ్ళ పేర్లు రాయమంటారా సార్?" అన్నాను. నాకు మెమో వచ్చింది. సిగ్గేమీ పడలేదు. తూములు తెరిపించి, చీలికకు అడ్డంగా రాళ్ళు పెట్టి సున్నంతో కట్టించాను. మగ్గాలు కదల్లేదు.

ఇప్పుడు ఏ పాత కట్టడానికి పోయినా ముందు లోపల పనిచేసే మనిషిని అడుగుతాను, తర్వాత మిద్దె ఎక్కుతాను, పెన్ను ఆఖరున తీస్తాను.

మొన్న ఆదెప్ప ఫోన్ చేశాడు. "తూముల్లో పావురాలు మళ్ళా గూళ్ళు పెడతాండాయమ్మా. నేనే కట్టెతో తీసేస్తాండా. నువ్వు మాత్రం సిమెంటు తీసుకొని రావద్దు."