బావి గట్టున అడగని మాట

మా చిన్నాయన పోయినాడన్న కబురు కడప నుంచి మైదుకూరు మీదుగా కర్నూలుకు వచ్చే పొద్దుటి బస్సు డ్రైవరు తెచ్చినాడు. ఆ డ్రైవరు మాకు పాత పరిచయమే. చిన్నాయన పంపిన చెనిక్కాయల మూటో, నిమ్మకాయల బుట్టో మా వసారాలో దించి, చెంబెడు నీళ్లు తాగి పోతుండేవాడు. ఆ రోజు ఖాళీ చేతులతో మెట్టు కిందనే నిలబడి, "నీళ్లొద్దు తల్లీ" అన్నాడు. నీళ్లకని నేనింకా లేవనేలేదు. అతను ఆ మాట అన్నాకనే లేచినాను, లేచి ఎక్కడికి పోవాలో తోచక మళ్లీ కూర్చున్నాను.

పత్రికలో రెండు వాక్యాలు వేసినారు. మాజీ శాసనసభ్యుడని ఒకటి, రైతుల మేలు కోరిన పెద్దమనిషని ఇంకొకటి. రెండూ నిజమే. మూడో వాక్యం ఒకటుంది. అది రాయవలసింది నేను. రాస్తే ఆయనకు మేలు చేసినట్టా, ఆయన నాకు చేసిన మేలును పారబోసినట్టా అని ఇప్పటికీ తేలలేదు.

ఆయన మా నాయనకు తమ్ముడు. మద్రాసులో లా చదివి, కొన్నాళ్లు కోర్టుకు పోయి, తర్వాత రాజంపేట దగ్గరి మా ఊరికే వచ్చి సేద్యం పెట్టుకున్నాడు. చదివిన ఇంగ్లీషంతా ఎద్దుల మీద ఖర్చు పెట్టేవాడు. నాగలి కాడ వాటిని జడ్జీలను సంబోధించినట్టు సంబోధించి తిట్టేవాడు. ఎందుకు చిన్నాయనా అంటే, "తెలుగైతే వాటికి అర్థమైతాది పాపా. రోషపడతాయి" అనేవాడు. నాకు నలభై దాటినా ఆయనకు పాపనే.

మా పక్క బావులు చాలా లోతు. చుట్టూ పిట్టగోడ ఉండదు. ఎండాకాలం తొంగి చూస్తే నీళ్లు కనపడవు, ఆకాశం ముక్క ఒకటి కనపడుతుంది, అంతే. అందుకని ప్రతి బావి దగ్గరా నాటిన రాతి కూసానికి ఒక కిత్తనార తాడు తగిలించి ఉండేది. ఆ తాడుతో నీళ్లు చేదరు, పశువులను కట్టరు. పడినవాళ్లను తీయడానికే అది. ఏటా ఎండలు ముదిరేలోగా చిన్నాయన కొత్త తాడు పేనించి, తానే ఒక కొన పట్టుకుని, ఇద్దరు మనుషులను రెండో కొన లాగమని చూసేవాడు.

నేను లంగా కట్టుకునే వయసులో మా వీధి కోడలు ఒకామె బావిలో పడింది. అంతకు ముందే ఆ ఇంట్లో రంపు, జగడం జరిగిన సంగతి ఊరందరికీ తెలుసు. తాడేసి పైకి తీసినారు. ఆమె వణుకుతూ కూర్చుంటే నేను చిన్నాయన చెయ్యి పట్టుకుని, "జారిందా, దూకిందా?" అని అడిగినాను. ఆయన నన్ను పక్కకు తీసుకపోయి చెప్పినాడు. "బావి కాడ ఆ మాట అడగగూడదు పాపా. ముందు తాడు. పైకొచ్చినాక ఆయమ్మ చెప్తే వింటాం, చెప్పకుంటే లేదు."

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లు ఊళ్లో ఖాళీ గది దొరికేది కాదు. ఆఫీసులు డేరాల్లో ఉండేవి, మెంబర్లు మావంటి ఇళ్ల వసారాల్లో ఉండేవాళ్లు. నా భర్త ఇక్కడే వకీలు. సభ జరిగే రోజుల్లో చిన్నాయన మా ఇంట్లోనే దిగేవాడు, ఆయనతోపాటు మరో ముగ్గురు నలుగురు మెంబర్లు భోజనానికి వచ్చేవాళ్లు. సభలో నడిచే వాదన ముందు రోజే మా విస్తళ్ల ముందు నడిచేది. నేను బి.ఏ. చదివినదాన్నని ఎప్పుడైనా ఇంగ్లీషు మాటకు తెలుగు అడిగేవాళ్లు. చెప్పి, చారు పోసేదాన్ని.

అప్పుడు వచ్చింది ఆ బిల్లు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ల కూలిలో కొంత పట్టి, యజమాని కొంత కలిపి, సర్కారు కొంత వేసి, జబ్బు చేస్తే ఆ నిధి నుంచి ఆస్పత్రి ఖర్చు ఇవ్వాలని. కాన్పు ఖర్చు కూడా అందులో ఉంది. కడుపు పోయిన ఆడమనిషికి మాత్రం ఒక షరతు పెట్టినారు. అది దానంతటదే పోయిందని, ఎవరూ పోగొట్టలేదని ఊరి మునసబు దగ్గర సర్టిఫికెట్టు తెస్తేనే ఖర్చు ఇస్తారు. ఆ షరతు తీసేయాలని చిన్నాయన సవరణ రాసుకున్నాడు. కడుపు పోయి వచ్చిన మనిషికి కాన్పుకిచ్చినట్టే ఇవ్వాలి, ఎట్లా పోయిందని అడగరాదు. అంతే ఆ సవరణ.

దాని వెనక ఏముందో ఆయన వంటింట్లో, రోలు మీద కూర్చుని, నాకొక్కదానికే చెప్పినాడు. మా పక్క ముగ్గు రాళ్ల గనిలో రాళ్లు ఏరే ఒకామెకు కడుపు పోయి రక్తం నిలవలేదు. మొగుడు బండి కట్టుకుని ఆస్పత్రికి తీసుకపోతే, అక్కడి గుమాస్తా పోలీసు కేసవుతుందేమోనని ముందు మునసబు దగ్గర కాగితం తెమ్మన్నాడు. అతను భయపడి బండి తిప్పుకుని ఊరికి పోతుంటే దోవలో చిన్నాయన ఎదురైనాడు.

"నేను బండి ఆపి వాణ్ని ఏమడిగినానో తెలుసునా పాపా? అదే పోయిందా, పోగొట్టుకునిందా అని అడిగినా. ఊళ్లో ఎవురూ అడగని మాట. వాడు ఏడుస్తా నిలబడినాడు. వాడు జవాబు చెప్పేదాకా నేను ఎద్దుల పగ్గం పట్టుకోలేదు."

తర్వాత బండి వెనక్కి తిప్పించి తానే తోలినాడట. ఆస్పత్రి కనపడేలోపే ఆమె పోయింది. ఆ నడుమ పోయిన కాస్త సేపు ఆమెను బతికించి ఉండేదో లేదో ఎవరికి తెలుసు అన్నాను నేను. "ఎవురికీ తెలీదు. అదే గదా" అన్నాడు.

నేను ఆయన ముందు తల ఎత్తలేకపోయినాను. కారణం ఆయనకూ తెలుసు. అంతకు కొన్నేళ్ల ముందు, ముగ్గురు బిడ్డల తర్వాత నాకు మళ్లీ నెల తప్పింది. మూడో కాన్పులోనే మంచం పట్టి లేచినదాన్ని. భర్తా నేనూ ఏమీ పాలుపోక ఉంటే చిన్నాయన వచ్చి, నన్ను రైలెక్కించి మద్రాసు తీసుకపోయినాడు. అక్కడ ఆయనకు తెలిసిన డాక్టరమ్మ నా గుండె బలహీనంగా ఉందని, కడుపు నిలిస్తే ప్రాణానికి ముప్పని రాసింది. తల్లి ప్రాణానికి ముప్పుంటే చట్టం ఒప్పుతుంది. అంతా శుభ్రమైన గదిలో, తెల్లటి దుప్పటి మీద, మర్యాదగా జరిగిపోయింది. నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నా గుండె నిజంగా అంత బలహీనమా, మేము ఫలానా ఇంటివాళ్లమని ఆమె అట్లా రాసిందా, నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని ఇంకో డాక్టరుకు చూపించుకోనూ లేదు.

సవరణ పెట్టే ముందు రోజు భోజనాల దగ్గర మాటలు వేడెక్కినాయి. కడుపులు తీయించుకునేదానికి సర్కారు దుడ్లా అని ఆదోని వైపు మెంబరు ఒకాయన నవ్వినాడు. తప్పు చేసినవాళ్లు కూడా ఆస్పత్రికి వచ్చి చెయ్యి చాపుతారు, వితంతువులకు ఇంక అడ్డూ ఆపూ ఉండదు అని ఇంకొకాయన అన్నాడు. చిన్నాయన తన బావి సంగతి చెప్పినాడు. తాడు వేసేవానికి జడ్జీ పని ఎందుకన్నాడు. ఒకరిద్దరు మెత్తబడినట్టే కనిపించినారు. అప్పుడు ఆదోని ఆయన విస్తరిలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"బీదోళ్ల కోసరమంటాండావు, బాగుండాదప్పా. మద్రాసు రైలెక్కినోళ్లకు యా మునసబు సర్టిఫికెట్టు ఇచ్చినాడో రేపు సభలో నేనూ అడగొచ్చునా?"

నేను పప్పు గిన్నె పట్టుకుని ఆయన ముందే ఉన్నాను. ఆయన నావైపు తిరిగి, "పప్పు శానా బాగుండాది తల్లీ, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. నేను వేసినాను. మద్రాసు సంగతి ఆ ఆదోని ఆయనకు ఎట్లా చేరిందో ఇప్పటికీ తెలియదు. చిన్నాయన సగం అన్నం మీదనే విస్తరి మడిచి లేచినాడు. ఆకులో మెతుకు మిగిల్చి లేచే అలవాటు ఆయనకు లేదు.

మరునాడు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే పోయి నిలబడినాను. "చిన్నాయనా, నువ్వు పెట్టు. అడిగితే నా పేరే చెప్పు. నాకేం భయం లేదు" అన్నాను.

"పేరు నీదొక్కదానిదే అయితే చెప్పుదును పాపా. ఇద్దరు ఆడపిల్లలుండారు నీకు."

ఆ మాట వినగానే నాలో ఏదో సడలింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన వద్దంటాడని తెలిసే అడిగినానా? ఒప్పుకుని ఉంటే నా మొహం ఎట్లా అయ్యేది? నా మొహంలో ఊరట ఆయనకు కనపడింది. చూసి, గుండీ సరిగా పట్టడం లేదన్నట్టు తల దించుకున్నాడు. నేను సిగ్గుపడకుండా ఉండాలని ఆయన దించుకున్న తల అది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నా తల వాలిపోతుంది.

ఆ మధ్యాహ్నం సభలో ఆడవాళ్లకు వేసిన వరుసలో కూర్చున్నాను. అధ్యక్షులు పేరు పిలిచినారు. చిన్నాయన లేచి, చేతిలోని కాగితం వైపు కాసేపు చూసి, "నా సవరణ పెట్టడం లేదు అధ్యక్షా" అని కూర్చున్నాడు. ఎవరో బల్ల చరిచినారు. షరతు షరతుగానే ఉండిపోయింది. రాళ్లేరే ఆడవాళ్లు తమ కూలిలోంచి ఆ నిధికి కడుతూనే ఉన్నారు. రక్తం పోతూ వచ్చినప్పుడు మాత్రం ముందు మునసబు ఇంటికి పోతున్నారు.

తర్వాత ఎన్నికల్లో చిన్నాయన నిలబడలేదు. వయసైందని అందరూ అనుకున్నారు. గని దారిలో ఏ బండి ఆడమనిషితో వచ్చినా మన ఎద్దులను కట్టి పంపండి, ఏమీ అడగొద్దండి అని జీతగాళ్లకు చెప్పి పెట్టినాడు. అట్లా కొందరు బతికినారు కూడా. ఒకసారి ఊరికి పోయినప్పుడు, ఇది చట్టం కంటే మేలు గదా చిన్నాయనా అన్నాను. ఆయనకు ఊరటగా ఉంటుందని అన్నాను. బహుశా నాకోసమే అని ఉంటాను.

"మన ఎద్దులు యాడిదాకా పోతాయి పాపా?" అన్నాడు. "చట్టమైతే అంతటా పోయిండేది."

అంతకుమించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. నిమ్మకాయలు మాత్రం వస్తూనే ఉండినాయి.

ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు. నా ఆడపిల్లలు ఇద్దరూ కాపురాలకు పోయినారు. ఇది రాసి అచ్చుకిస్తానని పెద్దదాంతో చెప్పినాను. రాయొద్దని అనలేదు. "నీ గుండె నిజంగానే బాగలేకుండెనా అమ్మా?" అని అడిగింది. నా కడుపున పుట్టిన బిడ్డ, ప్రేమ ఉన్న బిడ్డ. మునసబుకు చెప్పుకోవలసిన ఆడవాళ్ల నోరు ఎట్లా ఎండిపోతుందో నాకు అప్పుడు తెలిసింది. తెలియదమ్మా అన్నాను. అది నిజం.

కర్మంతరం అయిన సాయంత్రం ఊళ్లో మా బావి దగ్గరికి పోయినాను. ఈసారి వానల్లేవు, నీళ్లు అడుగంటినాయి. కూసానికి తాడు కొత్తది వేలాడుతోంది. చిన్నాయన మంచంలో ఉండే పేనించినాడట, లేవలేని మనిషి ఒక కొన తన చేతికి చుట్టుకుని, రెండో కొన లాగి చూడమన్నాడట. ఇంకా ఎవరినీ పైకి తీయని తాడు. నార పచ్చివాసన పోలేదు. గాలి వచ్చినప్పుడల్లా బావిలోకి వేలాడే దాని కొనన వేసిన ముడి లోపలి రాతికి తగిలి, కాసేపు ఆగి, మళ్లీ తగులుతూ ఉండింది.