చాయన్న ఊరి బొడ్రాయి

పోయిన ఆదివారం (ఈ గల్ఫ్ దేశంలో అది పనిరోజే) ఆఫీసుకి వెళ్ళేసరికి లిఫ్టు ఎదురుగా గోడకి ఒక పెద్ద ఫొటో బిగిస్తున్నారు. ఏడెనిమిదేళ్ళ కిందట మేం లెక్కలు కట్టిన జలవిద్యుత్ డ్యామ్ అది. భూమధ్యరేఖ దగ్గర ఎక్కడో, ఏడాదిలో ఎక్కువ నెలలు వాన కురిసే ఒక చిన్న ద్వీపంలో కట్టారు. ఇన్నాళ్ళకి నీళ్ళు నిండి, కరెంటు పుట్టి, ఫొటో మా గోడ మీదకి వచ్చింది. పచ్చటి కొండల మధ్య నీళ్ళు ఎంత నిమ్మళంగా ఉన్నాయో! కుర్ర ఇంజినీర్లు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. నన్నూ రమ్మన్నారు. దగ్గరికి వెళ్ళాక ఎడమ మూల నీళ్ళలోంచి పైకి లేచిన ఎండు కొబ్బరి మోళ్ళు కనిపించాయి. నాలుగో ఐదో ఉంటాయి. ఇక అక్కడ నవ్వుతూ నిలబడలేకపోయాను. చాయన్న గుర్తొచ్చాడు.

దోహాలో నది లేదు, కొండ లేదు. నాలుగు చినుకులు పడితే జనం కార్లాపి వీడియోలు తీసుకుంటారు. అలాంటి ఊళ్ళో, వెస్ట్ బేలో ఇరవయ్యో అంతస్తు మీద కూర్చుని ఎక్కడెక్కడి వానలకో ఆనకట్టలు గీయడం మా పని. అందులో నా వంతు ముంపు పటాలు. డ్యామ్ ఇంత ఎత్తు కడితే నీళ్ళు ఎందాకా వస్తాయో లెక్కేసి, అందాకా నీలం రంగు వేస్తాను. అబూ హమూర్‌లో మా ఇంటికి చుట్టాలెవరైనా వచ్చి ఏం ఉద్యోగమమ్మా అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఊళ్ళు ముంచే ఉద్యోగం" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. చాయన్న పరిచయమయ్యాక ఇంట్లో ఆ మాట అనొద్దని చెప్పాను.

చాయన్న మా అంతస్తులో చాయ్ ఇచ్చే మనిషి. కరీంనగర్ వైపు పల్లె. మా ఆఫీసు ఉద్యోగి కాదు, వేరే కంపెనీ వాళ్ళు మాకు పంపిన మనిషి. యాభైకి దగ్గర పడినవాడు, నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. పదిహేనేళ్ళు సైట్లలో కంకర మోసి, నడుం పట్టేశాక ప్యాంట్రీలోకి వచ్చాడు. ఈజిప్టు మేనేజరు దగ్గర్నుంచి కేరళ అకౌంటెంటు దాకా ఎవరికి ఎన్ని చెంచాల పంచదారో రాసుకోకుండా చెప్పేవాడు. నాది కాకినాడ పక్క. "టీ ఇవ్వన్నా" అంటే, "టీ లేదు మేడమ్, చాయ్ ఉన్నది, తాగుతరా?" అని నా మీద రోజూ అదే వేళాకోళం. అల్లం దంచి, పాలు మరిగించి, ఇక్కడివాళ్ళు తాగే కరక్ టీకీ మన చాయ్‌కీ మధ్య ఒక కొత్త పదార్థం తయారుచేసేవాడు. ఆ రుచి మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు.

ఒకరోజు కప్పు బల్ల మీద పెట్టి కదలకుండా నిలబడ్డాడు. నా స్క్రీన్ మీద ద్వీపం పటం ఉంది.

"గీ నీలిరంగేంది మేడమ్?"

"నీళ్ళన్నా. డ్యామ్ కట్టాక నిండే నీళ్ళు."

"గా నల్ల సుక్కలు?"

"ఇళ్ళు."

"మనుషులున్నరా అండ్ల?"

"ఉన్నారు. వేరే చోట ఇళ్ళు కట్టిస్తారు, వెళ్ళిపోతారు."

కాసేపు చూసి, "మా ఊరు గూడ గిట్లనే ఎవలో రంగేసిండ్రు మేడమ్" అని ట్రే తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ ఊరు రిజర్వాయర్ కింద పోతోందని అప్పుడే తెలిసింది నాకు. అప్పటికే సగం ఊరు కొత్త కాలనీకి చేరిందట. వాళ్ళ అవ్వ, అంటే వాళ్ళ వైపు అమ్మ, తమ్ముడి సంసారంతో కలిసి కాలనీలోనే ఉంటోందట.

నెల తిరక్కుండానే ఒక కాగితం పట్టుకొచ్చాడు. కాలనీలో కొత్త బొడ్రాయి కూర్చోబెడుతున్నారు. వాళ్ళ కంపెనీ సెలవివ్వాలంటే ఇక్కడ పని చేయించుకునేవాళ్ళ సంతకం కావాలి. మా అంతస్తులో ఆ సంతకం నాది. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు లాంటి రాయి అనీ, అది పాతాకే ఊరు ఊరవుతుందనీ అతనే చెప్పాడు. ఆ రోజు అత్తారిళ్ళలో ఉన్న ఆడబిడ్డలంతా రావాలి. పొలిమేర కట్టేస్తారు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఇంటికో బిందె నీళ్ళు రాయి మీద పోస్తారు. ఊరు వదిలేముందు వాళ్ళవ్వ పాత ఇంటి బావిలోంచి ఇత్తడి బిందె నిండా నీళ్ళు చేది, కాలనీకి నెత్తిన మోసుకెళ్ళి, గుడ్డ కట్టి దాచిందట. "నాయిన లేడు మేడమ్. పెద్దకొడుకు చేతుల మీదనే పొయ్యాలంటది అవ్వ."

సరిగ్గా ఆ వారమే ద్వీపం నుంచి మనుషులు వస్తున్నారు. మునిగే పల్లెల పెద్దలతో మాట్లాడే సమావేశం. పెద్దవాళ్ళ ముందు కొత్త మనిషి చేత చాయ్ ఇప్పించడం మా మేనేజరుకి గిట్టదు. నేనూ ఆ పండగని మా వైపు తీర్థం, అంటే జాతర లాంటిదనుకున్నాను, నాలుగు రోజులు అటూ ఇటూ అయినా కొంప మునగదని. "వాళ్ళు వెళ్ళిపోయాక వెళ్దువుగానిలే అన్నా, పది రోజులేగా" అన్నాను. అతను ఇంకా నిలబడే ఉంటే, "నీళ్ళెక్కడికి పోతాయి, బిందెలోనే ఉంటాయిగా" అని నవ్వాను కూడా. నాకు మొదట్నుంచీ ఈ జబ్బు ఉంది, కాదని చెప్పాల్సి వస్తే ఒక జోకు వేస్తాను. "మాఫీ ముష్కిల్ మేడమ్" అన్నాడు, ఇబ్బందేం లేదని. ఇక్కడి పనివాళ్ళు ఇబ్బంది ఉన్నప్పుడే ఎక్కువగా ఆ మాట అంటారని ఇన్నేళ్ళు ఇక్కడుండి కూడా నేను గ్రహించలేదు.

బొడ్రాయి పాతే రోజూ మా సమావేశం రోజూ ఒకటే అయింది. పొద్దున్నే ప్యాంట్రీలోకి వెళ్తే ఫోన్ గోడకి ఆనించి, తమ్ముడితో వీడియోలో మాట్లాడుతూ కప్పులు తుడుస్తున్నాడు. డప్పులు మోగుతున్నాయి. బిందెలెత్తుకున్న ఆడవాళ్ళు వరసగా నడుస్తున్నారు. ఇంతలో ఎవరిదో పెద్దాయన గొంతు, "ఫోన్లు బందు పెట్టుండ్రి. పొలిమేర కట్టినం. బయటోళ్ళను లోపటికి తేవద్దు" అంది. తమ్ముడు ఏదో అనబోయాడు. స్క్రీన్ నల్లబడింది. చాయన్న ఆ నల్ల అద్దాన్ని కూడా అదే గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. సమావేశానికి వేళవుతోందని అక్కణ్ణుంచి వచ్చేశాను.

ద్వీపం నుంచి వచ్చినవాళ్ళలో ఒక ముసలావిడ ఉంది. మూడు గంటలుగా తల దించుకునే కూర్చుంది. చాయన్న ఆవిడ ముందు కప్పు పెట్టి, నా వైపు వంగి, "ఆ అవ్వను ఒక్క మాట అడుగుండ్రి మేడమ్. వాళ్ళ బొడ్రాయి ఏడున్నదో, దాన్నేం జేత్తరో" అన్నాడు. బొడ్రాయి అంటే ఏమిటో నాకు చేతనైన ఇంగ్లీషులో చెప్పి అడిగాను. ఆవిడ మొదటిసారి తలెత్తి, నన్ను కాదు, అతన్ని చూసింది. వాళ్ళ ఊళ్ళో బిడ్డ పుడితే బొడ్డుతాడు పాతి, దాని మీద కొబ్బరి మొక్క నాటుతారట. మనిషికో చెట్టు. చచ్చిపోయినవాళ్ళ చెట్లు కూడా ఉన్నాయట. "వాటిని ఎట్లా తీసుకుపోతాం?" అంది. మా జాబితాలో ఆ చెట్లున్నాయి. కొబ్బరి, కాపు కాసేవి ఇన్ని, కాయనివి ఇన్ని అని నేనే రాశాను. ఆవిడ మాట సమావేశం నివేదికలో చేర్చమని అడిగాను. మేనేజరు, మొక్కల సంగతి వేరే కమిటీది అన్నాడు. రెండోసారి అడగలేదు నేను. అడిగినా ఆ డ్యామ్ ఆగేది కాదు, నిజమే. కానీ అడగలేదు.

పది రోజుల తర్వాత చాయన్న కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, "ఇప్పుడు పోయి ఏం జేత్త మేడమ్? రాయి కూసున్నది" అన్నాడు. కంపెనీ రెండేళ్ళకోసారే టికెట్ ఇస్తుంది. దాన్ని మరుసటేడాదికి ఉంచుకున్నాడు. వాళ్ళవ్వ మాత్రం ఆ రోజు అందరితో పాటు బిందె వంచలేదట. పెద్దకొడుకు వచ్చాకే పోస్తానని, బిందెని ఇంట్లో మూలన పెట్టుకుని, రోజూ గుడ్డ విప్పి చూసుకునేదట. చలికాలం దాటలేదు, పోయింది. కబురు వచ్చిన రోజు కూడా, ఇప్పుడు బయల్దేరినా మట్టికి అందనని, అతను అందరికీ చాయ్ ఇచ్చాడు. నా కప్పులో పంచదార లేదు. నేను అడగలేదు.

ఎండాకాలంలో వెళ్ళాడు. రెండు నెలల సెలవు పెట్టినవాడు మూడు వారాలకే తిరిగొచ్చాడు. "కాలనీ మంచిగనే ఉన్నది మేడమ్. రోడ్లున్నయి, నల్లాలున్నయి. నాకే పొద్దువోలే" అన్నాడు. బిందె సంగతి నేను అడక్కుండానే చెప్పాడు. గుడ్డ విప్పితే లోపల చుక్క లేదట. అడుగున తెల్లటి చార మాత్రం ఉందట. వాళ్ళవ్వ పోయాక దాని వంక చూసినవాళ్ళు లేరు. బిందె భుజానికెత్తుకుని, పాత ఊరిని ముంచిన నీళ్ళ ఒడ్డుకి నడిచాడు. వాళ్ళిల్లు ఏ దిక్కున ఉండేదో గట్ల ఆనవాళ్ళు చూసి, తెప్ప మీద చేపలు పట్టే ఒకతన్ని బతిమాలి, లోపలికంటా వెళ్ళి ముంచుకున్నాడు. తెచ్చి, పట్టపగలు ఎవరూ పిలవకుండా ఒక్కడే కొత్త బొడ్రాయి మీద పోశాడు. అరుగుల మీదివాళ్ళు ఇదేం పని, ఎక్కడి నీళ్ళు ఇవి అని అడిగారట.

"ఏమన్నావన్నా?"

"మా బాయి నీళ్ళే అన్న మేడమ్. జెర మీదికచ్చినయి, గంతే."

అంటూ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. ఈలోగా అతను ఖాళీ కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. మరుసటేడాది వాళ్ళ కంపెనీ కాంట్రాక్టు పోయి, అతన్ని ఇంటికి పంపేశారు. ప్యాంట్రీలో మిషన్ పెట్టారు. మీట నొక్కితే అదే టీ అని ఏదో పోస్తుంది.

లిఫ్టు ముందు నిలబడి కుర్రాళ్ళు ఇంకా ఫొటో చూస్తున్నారు. ఎవరో నన్ను, ఆ మోళ్ళేమిటి మేడమ్ అని అడిగారు. మనుషులు అన్నాను. జోకనుకుని నవ్వారు. పది రోజులేగా అని నేను చాయన్నతో అని ఏడెనిమిదేళ్ళు దాటింది. ఆ పది రోజులు నాకు ఇంకా పూర్తి కాలేదు.