మామయ్య వేసిన బ్రేకులు

మా మేనమామ పోయారని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను మాదాపూర్‌లో ఆఫీసులో ఉన్నాను. పొద్దున కాఫీకి లేపబోతే లేవలేదట. జబ్బు లేదు, మంచం పట్టింది లేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారు.

శేరిలింగంపల్లి వైపు ఉండే మీలో చాలామందికి ఆయన ఎర్ర కారాయనగానే తెలుసు. కడప నుంచి వచ్చి ఇళ్ళ స్థలాల వ్యాపారం చేశారు. ఆ వ్యాపారంలో ఉండి అబద్ధమాడని మనిషంటే నవ్వుతారేమో. మేమూ నవ్వేవాళ్ళం. కొనడానికి వచ్చినవాళ్ళకు ప్లాటు చూపిస్తూ "వానొస్తే ఈడ నీళ్ళు నిలుస్తాయి" అని తనే ముందు చెప్పేవారు. పక్కనే ఉన్న అత్తయ్య తల పట్టుకునేది.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఆ కారు. పాత విదేశీ స్పోర్ట్స్ కారు, రెండే తలుపులు, వెనక సీట్లో నాలాంటి బక్కపలచని మనిషి మాత్రమే పడుతుంది. ఉరకడానికి లోటు లేదు, ఆపడమే గండం. కొత్త బ్రేకులు విదేశం నుంచి తెప్పిస్తే ఆ ఖర్చుకు కారునే అమ్ముకోవాలి. అదే కంపెనీ పెద్ద కారుకు వచ్చే బ్రేకు డిస్కులు, వాటిని బిగించి పట్టే కాలిపర్లు దీనికీ సరిపోతాయని, మధ్యలో చిన్న ఇనుప పలక ఒక్కటి చేయించుకుంటే చాలని ఆయన కనిపెట్టారు. అలాంటి పెద్ద కారు కోసం పాత బండ్లు విప్పి అమ్మే కబాడీ దుకాణాలన్నీ తిరిగారు. చివరికి దొరికింది. ఖాజాగూడ మలుపులో బండరాయికి గుద్దుకుని, నడిపే కుర్రవాడిని పొట్టన పెట్టుకున్న కారు అది.

పాత సామాను కొంటే అది ఎవరిదో కనుక్కుని, ఇంటికి వెళ్ళి ఒక మాట చెప్పి వాడుకోవడం ఆయన పద్ధతి. "ఎవురిదో తెలుసుకోకుండా బిగించుకుంటే అది మనది కాదు పాపా" అనేవారు. ఆ పద్ధతి ప్రకారమే నన్ను వెంటబెట్టుకుని నానక్‌రామ్‌గూడలో ఆ అబ్బాయి తల్లి దగ్గరికి వెళ్ళారు.

ఆమె అంతా విని, "పాడైన బిరీకులు నీకేం పనికొస్తయి సారూ?" అంది.

"బాగుండాయమ్మా" అనేశారు మామయ్య. ఆయనకు ఇంకో జవాబు చేతకాదు.

ఆమె గడప మీద కూలబడింది. పొలం అమ్మిన డబ్బుతో కొడుకు ఆ కారు కొన్నందుకు ప్రమాదం జరిగిన పొద్దున ఇంట్లో పెద్ద గొడవ. "నా కండ్లకు కనబడకు అన్న. గంతే, పోయిండు. బిరీకులు పడలేదని ఊరంతా అన్నరు. నేను గదే పట్టుకొని బతుకుతున్న. బాగనే ఉంటే వాడెందుకు తొక్కలే? నా మాటకేనా?"

 మామయ్య మంచితనం ఒక మనిషిని అంతగా గాయపరచడం నేను మొదటిసారి చూశాను. మళ్ళీ ఆమే అంది, "నీ బండికి పెట్టుకో. పెట్టి నన్ను ఆ బండ కాడికి తీస్కపో. ఆగుతదో లేదో నేనే చూస్త."

బిగించిన రోజు పెడల్ తొక్కి పట్టుకోవడం నా పని, గొట్టాల్లోంచి గాలి తీయడం ఆయన పని. మా వీధి చివర పరీక్షిస్తే కారు గీత గీసినట్టు ఆగింది. మర్నాడు మధ్యాహ్నం ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాం. బండ మీద ఆమె పెట్టిన కుంకుమ దూరం నుంచే కనిపించింది. దాని ముందే ఆపుతానని చెప్పి మామయ్య బ్రేకు వేశారు. కారు ఆగలేదు. టైర్లు అరవలేదు, దుమ్ము లేవలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించినట్టు మెల్లగా బండ దాటి, అవతల నిలబడింది.

"ఆగలే" అంది ఆమె. అంత హాయిగా ఊపిరి తీసుకోవడం నేనెక్కడా వినలేదు.

తిరుగు దారిలో ప్రతిచోటా కారు చక్కగా ఆగింది. ఇంటికొచ్చాక మామయ్య నాలుగు చక్రాలూ విప్పి చూశారు. ఏ లోపమూ లేదు. ఆ తల్లి కోసం కావాలనే మెత్తగా తొక్కారని అత్తయ్య, నేను తేల్చేసుకున్నాం. "లేదు పాపా, ఉండే బలమంతా పెట్టి తొక్కినా" అన్నారాయన. మేం ముసిముసిగా నవ్వుకున్నాం. జీవితంలో ఆడిన ఒక్క అబద్ధమూ ఇంత చల్లనిదని నాకు ఆయన మీద ప్రేమ పొంగింది. ఆయన మాత్రం నొచ్చుకున్నారు.

ఆ తర్వాత ప్రతి అమావాస్యకూ ఆమె వచ్చేది. ఎంత పనున్నా తీసుకెళ్ళేవారు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

మామయ్య కర్మ అయిపోయాక వచ్చిన అమావాస్యకు ఆమె మా గేటు దగ్గర నిలబడింది. "సారు లేడని తెలుసు బిడ్డా. జర నువ్వు తోల్తవా?"

కాదనలేకపోయాను. ఆయన అబద్ధాన్ని నేను నిలబెట్టాలి, మెత్తగా తొక్కాలి, అంతే కదా అనుకుంటూ పోనిచ్చాను. కానీ మలుపు తిరగగానే ఆ బండ ఎదురుగా అంత పెద్దదిగా కనిపించేసరికి భయం వేసింది. అనుకున్నదంతా మరిచిపోయి ఉన్న బలమంతా పెట్టి తొక్కేశాను. పెడల్ పాదం కింద రాయిలా బిగుసుకుంది. కుంకుమ బొట్టు నా కిటికీ పక్కనుంచి తీరిగ్గా వెనక్కి వెళ్ళింది.

బండ దాటాక కారు నిలబడింది.

"ఆగలే" అంది ఆమె, డాష్‌బోర్డును నిమురుతూ.

మామయ్యా, నువ్వు నిజమే చెప్పావు అనుకున్నాను. నా కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. తీయడానికి ధైర్యం చాలలేదు.