కిషన్‌గఢ్ కన్ను

మాదాపూర్ ఆఫీసుల్లో ఎక్కడ రాజస్థానీ రాణి బొమ్మ కనిపించినా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర అక్కడ కడుతున్న ఒక భవనానికి అమ్మ ఇటుకలు మోసేది. గోడకు రాణి బొమ్మ వేయడానికి రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ నుంచి వచ్చిన చిత్రకారుడు అమ్మను పక్కకు తిరిగి నిలబడమని, ముక్కూ గడ్డమూ చూసి గీశాడు. కన్ను మాత్రం తన ఊరి పద్ధతిలో, తామర రేకులా చెవిదాకా సాగదీశాడు. అమ్మ వెంట వెళ్లిన నేను అది చూసి అన్నాను:

“గిది నువ్వు కాదే అమ్మా. నీ కండ్లు చిన్నగున్నయ్.”

“సిమెంటు పడ్తది బిడ్డా. గిట్ల చిన్నగ జేసుకొనే మొయ్యాలె.”

భవనం తెరిచాక, బొమ్మను మళ్లీ ఒక్కసారి చూస్తానని అమ్మ గేటు దగ్గర కాపలావాణ్ణి బతిమాలింది. అతను మెత్తబడుతుండగా నేనే కొంగు పట్టి లాగాను.

“అది నువ్వు కాదు గదనే, పోదాం పా.”

అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. అచ్చం ఆ బొమ్మలాగే ఉంది.