పంపుకి కట్టిన మోటారుసైకిల్ ఇంజను

కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. "కాలుగాలిన పిల్లి" అనేది మా అమ్మ. మా నాన్నకి కొల్లేటి గట్టున చేపల కొట్టు ఉండేది. తట్టలు కట్టించి ఏలూరు స్టేషనుకి పంపించే వ్యాపారం. నన్ను అందులో కూర్చోబెట్టాలని ఆయన పట్టుదల, ఏలూరులో మోటారు వర్క్‌షాపులో చేరాలని నా యావ. ఆ కొట్లో కాసేపుంటే చాలు, ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది.

అలాంటి రోజుల్లో, యాభైల చివర, తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొట్లో ఒక చట్రం నా కంటపడింది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు అక్కడి విమానాల రన్‌వే మీద సైనికులు పందేలకి తోలిన బుల్లి బండిదట. గొట్టాలు, నాలుగు చక్రాలు, ఒక సీటు, అంతే. ఇంజను లేదు. ఇప్పటివాళ్లు అలాంటిదాన్ని గోకార్ట్ అంటారు. ఇంటికి తెస్తే మా చిన్నాన్న, "ఇదేంట్రా, పాడెకి చక్రాలు పెట్టారు?" అన్నాడు.

నాన్న నవ్వలేదు. "వానలు పడేలోగా దీనికి ఇంజను పెట్టి నడిపించు. నడిస్తే వర్క్‌షాపుకి పో. లేదంటే నోరుమూసుకుని కొట్లో కూర్చో" అన్నారు.

ఇంక నాకు నిద్రేది? వెతగ్గా వెతగ్గా ఇంజన్లు రెండే తేలాయి. ఒకటి చిన్నాన్న చేలో నీళ్లు తోడే కిరసనాయిలు ఇంజను. మొండిది, ఎంతకైనా ఓరుస్తుంది. కానీ నలుగురం మోసుకొచ్చి పెట్టి చూస్తే చట్రం గొట్టాలు కిందికి వంగిపోయాయి. రెండోది ఏలూరులో దొరికిన పాత మిలట్రీ మోటారుసైకిల్‌ది. నేనొక్కణ్ణే ఎత్తగలిగాను. కిక్కు కొడితే గుండె ఝల్లుమనేలా అరిచింది. ఇదే, ఇంకేం చూడక్కర్లేదు అనుకున్నాను.

బిగించబోతుంటే నాన్న అడ్డొచ్చారు. మా వైపు ఇంజను మంచిచెడ్డలు తేల్చేది నీళ్లే. ఎవరు ఏ ఇంజను తెచ్చినా పంపుకి కట్టి, ఒక పూట పొలం తడిపి చూస్తేగానీ నమ్మేవారు కాదు.

"పూట నీళ్లు తోడలేంది మనిషినేం లాగుతుందిరా? పంపుకి కట్టు."

"పందెం బండికి పంపేంటి నాన్నా?"

"కట్టమన్నానా!"

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పైగా నాకూ తొందరే. ఈ పరీక్ష కాస్తా అయిపోతే బండికి బిగించెయ్యొచ్చు కదా. బెల్టు వేసి కట్టాను.

నీళ్లు దూకాయి. గట్టు మీద జనం భేషన్నారు. నాన్న ముఖం కూడా విప్పారింది. నేను మాత్రం అటూ ఇటూ తిరుగుతూ, "చాలండీ, ఆపేద్దాం" అంటూనే ఉన్నాను. "ఇంకో మడి" అన్నారాయన. ఆ మడీ తడిశాక కాలిన నూనె వాసన కొట్టింది. నేను పరిగెత్తేలోగా ఇంజను కీచుమని పట్టేసింది. సిలిండరు దగ్గరికి చెయ్యి పోనివ్వని వేడి. కిక్కు మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు.

సిలిండరు చుట్టూ గాలి తగిలేలా వరసగా పల్చటి రేకులెందుకున్నాయో నాకు అప్పుడు వెలిగింది. ఒళ్లు మండిపోయి, అంతమందిలో నాన్న మీద అరిచేశాను.

"దీన్ని చల్లార్చేది నీళ్లు కాదు నాన్నా, గాలి! పరిగెడుతుంటేనే బతుకుతుంది. ఉన్నచోటే నిలబెట్టి తిప్పితే మాడి చస్తుంది!"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. అయిపోయింది, ఇక నాకు కొట్టే గతి అని గట్టు మీద కూలబడి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే, ఒప్పుకున్న మాట కాబట్టి, కొట్టుకి వెళ్లాను. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఇక్కడికెందుకొచ్చావ్? ఏలూరు పో."

"బండి నడవలేదు కదండీ."

ఆయన నావైపు చూడలేదు. తట్టలు సర్దుతూ అన్నారు.

"ఒకదాన్ని నిలబెట్టి చంపేశాను కదరా. చాల్లే, పో."