అడగకూడని ప్రశ్న అడిగిన సుగుణమ్మ గారు

పోయిన గురువారం పొద్దున చిట్గుప్పలో ఒక బాలింత ఇంట్లో కూర్చుని పసిబిడ్డ బరువు తూస్తున్నాను. మా డ్రైవర్ బసన్న ఫోన్ చేశాడు. "విజయక్కా, జల్ది రా. మన్నళ్ళిల ఆశా అక్కలకు పాఠం చెప్పుకుంట చెప్పుకుంట డాక్టరక్క పడిపోయింది. మాట లేదు. బీదర్ దవాఖానకు తీస్కపోతున్న" అన్నాడు. నేను చేరేసరికి మెదడులో నరం చిట్లిందని, అంతా అయిపోయిందని తేల్చేశారు. అక్కడున్న యువవైద్యుడి కాలరు పట్టుకుని గుంజి "మళ్లీ చూడు, సరిగ్గా చూడు" అని అరిచానట. తరువాత బసన్న చెబితే తెలిసింది. ఆ దౌర్జన్యానికి ఆయన నన్ను మన్నించాలి. తల్లుల మరణాలకు, శిశువుల మరణాలకు మూలకారణాలను అన్వేషించడంలోనే జీవితాన్ని ధారపోసిన డాక్టర్ ఎస్తేరు సుగుణమ్మ గారు అరవై రెండో ఏట, పాఠం మధ్యలో, ఒక వాక్యం సగంలో ఉండగా నిష్క్రమించారు.

ఆమెది మన్నళ్ళి. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబం. తండ్రి బడిపంతులు. వైద్యవిద్య ముగిశాక ఆమె ఆసుపత్రి కుర్చీ వద్దని ఎపిడెమియాలజీ చదివారు. మా ఊరు చిమ్కోడ్ నుంచి డిగ్రీ కాగితం పట్టుకుని ఉద్యోగానికి వచ్చిన నాకు ఆ మాటకు నోరు కూడా తిరగలేదు. ఆమె ఇలా విప్పి చెప్పారు: "డాక్టరు ఒక్క మనిషిని చూస్తడు. మనం ఊర్లకు ఊర్లే చూస్తం. ఒక్క బాలింత సచ్చిపోతే ఇంటోళ్ళు నసీబు అంటరు. పక్కూర్ల గట్లనే, అవతలి ఊర్ల గట్లనే సస్తుంటే అది నసీబు గాదు, దానికొక కారణం ఉన్నట్టు. ఆ కారణాన్ని పట్టుకునుడే మన పని." ఆఫ్రికా పల్లెల్లో, నేపాల్ కొండల్లో ఏళ్ల తరబడి అదే పని చేసి, చివరికి బీదరులో రెండు గదుల కార్యాలయం పెట్టుకున్నారు. దేశదేశాల పరిశోధకులు ఆమె అభిప్రాయం కోసం ఎదురుచూసేవారు. మా వీధిలో చాలామందికి ఆమె డాక్టరని కూడా తెలియదు.

సంతాపసభలో ఒక పెద్దమనిషి ఆమెను శాంతమూర్తి అన్నారు. అది అసత్యం. ఆమెది ప్రచండమైన కోపం. ఒక ఆరోగ్యాధికారి బాలింత మరణపత్రంలో కారణం దగ్గర "తెలియదు" అని రాస్తే, రిజిస్టరు ఎత్తి ఆయన బల్ల మీద విసిరికొట్టారు. సిరాబుడ్డి పగిలింది. "తెల్వదా? అడగలేదా? రెండిట్ల ఏదో ఒకటి రాయి" అన్నారు. ఆ కోపానికి నేనూ ఒకసారి బలయ్యాను. దాని గురించి దాచకుండా రాయాలనే ఈ వ్యాసానికి ఒప్పుకున్నాను.

నేను చేరిన ఏడాది సంగతి. చిట్గుప్ప వైపు ఒక ఊళ్లో సావిత్రి అనే గర్భిణి ఎనిమిదో నెలలో చనిపోయింది. స్నానాల గదిలో కాలు జారి పడి, రక్తస్రావమై పోయిందని పత్రంలో ఉంది. అటువంటి ఇళ్లకు వెళ్లి, కూర్చుని, మరణం ఎలా సంభవించిందో ఇంటివాళ్ల నోట వినడం మా విధి. అత్త చంద్రమ్మ చేతులు కట్టుకుని అదే మాట చెప్పింది. సుగుణమ్మ గారు లేచి "ఏడ జారిందో జర చూపియ్యమ్మా" అన్నారు. చెప్పులు విడిచి ఆ బండల మీద పాదం రుద్ది చూశారు. నీళ్లు పోసినా కాలు జారని గరుకు రాయి అది. చంద్రమ్మ ముఖంలోకి చూశారు, అంతే. ఆ ముసలామె అక్కడే కూలబడి రొమ్ము బాదుకుంది.

"జారలే డాక్టరమ్మా! నా కొడుకు మల్లేశే తన్నిండు. కడుపు మీద తన్నిండు. అడ్డం పోతే నన్ను గూడ కొడ్తడని నేను దర్వాజ కాడనే నిలవడ్డ."

మల్లేశు గోడ అవతలే ఉన్నాడు. గొడ్డలి తిరగేసి పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బ తల్లి తల మీదికే. సుగుణమ్మ గారు మధ్యలోకి దూరి ఎడమచెయ్యి అడ్డం పెట్టారు. ఎముక చెరుకుగడలా విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రెండో దెబ్బ గురితప్పి దర్వాజ చట్టానికి తగిలింది. నా అరుపులకు బసన్న, ఇద్దరు పక్కింటివాళ్లు వచ్చి వాణ్ణి నేలకేసి అదిమారు. గోడకు చేరగిలబడిన సుగుణమ్మ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"విజయా, రాసినవా?"

"ఏందక్కా?"

"అమ్మ చెప్పింది. ఆమె మాటల్లనే రాయి. నీ మాటలు కలపకు."

మేము జీపు ఎక్కుతుంటే మల్లేశు దాయాదులు రాళ్లు రువ్వారు. వెనక అద్దం ముక్కలైంది. అయినా చంద్రమ్మ ఎక్కేదాకా ఆమె జీపు కదలనివ్వలేదు. "ఈమెను ఇడ్సిపెట్టి పోతే పొద్దుగూకె లోపల ఇంకొక చావు కాగితం రాసుడైతది" అన్నారు. ఠాణాలో అధికారి మా కాగితం ఇమ్మని గద్దించాడు. ఆమె ఇవ్వలేదు. "నన్ను నమ్మి చెప్పిన మాట ఇది. నా చెయ్యి ఇరగ్గొట్టిన సంగతి నేను చెప్త. కోడలి సంగతి చెప్పాల్నా వద్దా అన్నది ఆమె ఇష్టం" అన్నారు. చంద్రమ్మ బల్ల మీంచి లేచి, "రాసుకోండ్రి సాబ్. తన్నంగ నేను చూసిన" అంది. కన్నతల్లి సాక్ష్యంతోనే మల్లేశుకు శిక్ష పడింది.

చేతికి సిమెంటు కట్టుతోనే ఆమె గర్భిణులను, బాలింతలను అడిగే మా ప్రశ్నావళికి ఒక కొత్త ప్రశ్న చేర్చారు: గర్భంతో ఉన్నప్పుడు నిన్ను ఎవరైనా కొట్టారా? దూరదేశాల సహపరిశోధకులు కంప్యూటర్ తెర మీద సమావేశమై అభ్యంతరం చెప్పారు. స్త్రీలు జవాబివ్వరని, అడిగేవారికీ చెప్పేవారికీ ప్రమాదమని వాదించారు. ఆ వాగ్వాదం గురించి ఆమె మాతో చెప్పిన మాట ఇది: "ప్రమాదం ఉన్నది, కాదన్లే. అందుకే ఆడామెను ఒంటరిగ కూసోబెట్టి అడుగుదాం, ఆమెకు జాగ ఎక్కడ దొరుకుతదో ముందే చూసి పెట్టుకుందాం అన్న. జ్వరమెన్ని దినాలని అడుగుతం, నెత్తురెంత పోయిందని అడుగుతం. ఎవరు తన్నిండ్రో మాత్రం అడగకపోతే అది శాస్త్రం గాదు, మర్యాద." చివరికి వాళ్లు ఒప్పుకున్నారు.

నాకు చిమ్కోడ్ చుట్టుపక్కల ఇళ్లు అప్పగించారు. తీసుకొచ్చిన ప్రతి కాగితంలోనూ ఆ ప్రశ్న ఎదుట నేను "లేదు" అని రాశాను. కొన్ని రోజులకు ఆమె అందరి ముందూ ఆ కాగితాలు పరిచారు.

"ఇన్ని ఇండ్లల్ల ఒక్కతి గూడ అవునన్లేదా?"

"అన్లేదక్కా."

"అడిగినవా?"

"అడిగిన."

అది అబద్ధం. ఒక్క ఇంట్లోనూ అడగలేదు. ఆమెకు అర్థమైంది. నా చెంప ఛెళ్లుమంది. రెండో దెబ్బకు చెయ్యి లేచింది. నేను చెంప కప్పుకోలేదు. రెండు చేతులతో కడుపు కప్పుకుని, గోడ వైపు తిరిగి ముడుచుకుపోయాను. అది మా ఇంట్లో నాకు అలవాటైన విద్య. నాకు మూడో నెల. నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసిన ఆయన కూడా కొట్టడం మానలేదు.

లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆమె నా పక్కన నేల మీద కూర్చున్నారు. "ఎన్నో నెల బిడ్డా?" అన్నారు. చెప్పాను. "ఎప్పటి సంది కొడ్తుండు?" అన్నారు. పెళ్లయినప్పటి నుంచి అని చెప్పాను. ఎందుకు అడగలేకపోయానో కూడా అప్పుడే చెప్పాను. ఎవరినైనా ఆ ప్రశ్న అడిగితే, నన్ను ఎవరు తిరిగి అడుగుతారోనన్న భయం.

మరునాడు ఆమె సిబ్బందినందరినీ పిలిచారు. కళ్లు వాచి ఉన్నాయి. "నిన్న నేను విజయను కొట్టిన. కడుపుతోని ఉన్న ఆడిదాన్ని కొట్టిన. కోపమొచ్చింది అనుడు, తెల్వక కొట్టిన అనుడు, ఇవన్ని మల్లేశు గూడ అన్నడు. బసన్నా, విజయ ఒప్పుకుంటే ఆమె కాగితం నువ్వే రాయి. 'అవును' అని రాయి. కొట్టినోళ్ళ కాడ నన్ను గూడ రాయి" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ గడిలో రెండు జవాబులు పడ్డాయి: భర్త, పైఅధికారి. క్షమించానని నేను ఎన్నడూ అనలేదు, అనమని ఆమె అడగనూ లేదు. తరువాత ఎవరి మీదా ఆమె చెయ్యి లేవలేదు. కోపం ముంచుకొస్తే పిడికిళ్లు బిగించి బయటికి పోయి ఎండలో నిలబడేవారు.

ఇంటికి పోకుండా నేను కార్యాలయంలోనే ఉండిపోయాను. మూడో రోజు నా భర్త వచ్చి, హెల్మెట్‌తో కార్యాలయం కిటికీ పగలగొట్టాడు. "నా పెండ్లాన్ని బయటికి పంపు!" అని రంకెలు వేశాడు. సుగుణమ్మ గారు గాజుపెంకుల మీద నడిచి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. "ఒక చెయ్యి ఇదివరకే ఇరిగింది. ఇంకొకటున్నది, కొడ్తే కొట్టు. విజయ మాత్రం రాదు" అన్నారు. పాదాల నుంచి నెత్తురు కారుతున్నా పోలీసులు వచ్చేదాకా కదలలేదు. నేను మళ్లీ ఆ ఇంటికి పోలేదు. నెల ముందుగా, పిడికెడంత బిడ్డ పుట్టింది. బతకదన్నారు. సుగుణమ్మ గారు బిడ్డను నా రొమ్ముకు ఆనించి కట్టి, "నీ ఒంటి వేడే దీనికి దవా" అన్నారు. బట్ట వదులైతే తానే బిగిస్తూ, ఎన్నో పగళ్లు పక్కనే కూర్చున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి.

బాలింత దినాలు తీరాక నేను అవే ఇళ్లకు మళ్లీ పోయాను. ఈసారి నిజంగానే అడిగాను. ఆడవాళ్లు చెప్పారు. కొందరు ఏడుస్తూ, కొందరు బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పారు. "ఇన్నేండ్లల్ల ఎవరన్న అడిగితె గద చెప్తందుకు" అన్నది ఒకామె. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల వెనుక, కడుపులోనే అకస్మాత్తుగా ఆగిపోయే పసిగుండెల వెనుక ఎన్ని తన్నులున్నాయో సుగుణమ్మ గారు ఆ జవాబులతో లోకానికి నిరూపించారు. అభ్యంతరం చెప్పిన దేశాల్లోనే ఇవాళ ఆ ప్రశ్న వాళ్ల వాళ్ల భాషల్లో అడుగుతున్నారు.

పరిశోధన వ్యాసాల్లో రచయిత మరణిస్తే పేరు పక్కన చిన్న బాకు గుర్తు వేయడం ఆనవాయితీ. అచ్చుకు పోతున్న ఆమె చివరి వ్యాసంలో ఆ గుర్తు వేయవచ్చా అని నిన్న విదేశం నుంచి ఉత్తరం వచ్చింది. వేయమని జవాబు రాశాను. రాసి, పిడికిళ్లు పగిలేలా బల్లను బాదాను. ఆమె రాసిన వ్యాసాలు మాకు ఉంటాయి, ఆమె పద్ధతి ఉంటుంది. మా అబద్ధాన్ని అబద్ధమని ముఖం మీదే అని, తన తప్పును పదిమందిలో తన పేరు మీద రాయించుకునే మనిషి మాత్రం మాకు ఇక లేదు. ఆ లోటు పూడుతుందని ఎవరైనా ఓదారిస్తే నేను నమ్మను. అక్కా, నువ్వు కొట్టిన చెంపతోనే, నువ్వు బతికించిన బిడ్డతోనే నీకు దండం పెడుతున్నాను.